కొత్త అనే పాత అర

తార్తులో ఫిబ్రవరి. నది మీద మంచు
మనిషిని మోసేంత గట్టిపడింది.
విర్వె వంటింట్లో ముగ్గురం:
విర్వె, సాండెర్, నేను.
బల్ల మీద రై రొట్టె, ఊరవేసిన చేప,
మూతలు ఊడదీసిన నాలుగు పాత కంప్యూటర్లు.
నాకు కోడ్ రాయడం రాదు.
మీట నొక్కి, చూసి, చెప్పడం, అంతే నా ఉద్యోగం.
జీతం లేదు కాబట్టి ఉద్యోగం అనకూడదేమో.

యంత్రానికి మెలకువ వచ్చిన తొలి క్షణంలో
తనెవరో తనకే తెలియదు.
డిస్కు మొదట్లో ఐదువందల పన్నెండు బైట్లు,
వాటిలో ఆఖరి రెండూ సంతకానికే సరి.
మిగిలిన ఇరుకులో నిలబడి
ఒక చిన్న ప్రోగ్రాము
ఇంకొకదాన్ని పేరు పెట్టి పిలుస్తుంది.
అది లేచి, తనకంటే పెద్దదాన్ని తట్టి లేపుతుంది.
ఇల్లంతా తెల్లవారేసరికి
మొదట లేచినవాడు ఎవరికీ గుర్తుండడు.

ఆ మొదట లేచేవాళ్ల సామానే
మేమిప్పుడు సర్దుతున్నది.

ఇరవై మూడేళ్ల పోగు.
‘కొత్త’ అనే ఫోల్డర్
‘పాత’ కంటే రెండేళ్లు పెద్దది.
‘తాత్కాలికం రెండు’ ఉంది, ఒకటి లేదు.
‘అందరికీ’ అని ఉన్నది తెరిస్తే
ఒకే కంపెనీ ఒకే ఏడాది చేసి వదిలేసిన
డబ్బాల కోసం మాత్రమే.
ఇంటిపేరు కస్తూరివారు,
తక్కినది మీకు తెలిసిందే.

సాండెర్‌కి ఇరవై రెండేళ్లు, చీపురు పట్టిన చేయి.
ఏ యంత్రానిది ఆ యంత్రం కింద,
పంచుకునేది ఒకచోట,
ప్రతి ఫైలుకూ అది చేసే పనే పేరు.
విర్వె ఒక్కొక్కదాన్నే చదివి, కళ్లద్దాలు పైకి తోసి,
ఊఁ అంటూ పోయింది, రాత్రి తొమ్మిది దాకా.

అప్పుడు దొరికింది ‘విర్త్సు’.

విర్త్సు అంటే పడవరేవు.
అక్కణ్ణించి ముహు దీవికి కార్లనెక్కించుకుని పడవ పోతుంది.
ఇదేం పేరు, అన్నాడు సాండెర్.
హెల్దుర్ రాశాడు, అంది విర్వె.
గాలికి పడవ ఆగిపోయిందట,
కారులో కూర్చుని రాత్రంతా రాశాడట.
పేరు తర్వాత చూద్దామన్నాడు.
తర్వాత?
తర్వాత పడవ వచ్చింది.

హెల్దుర్ లేడిప్పుడు. ఆ కుర్చీలో
మూడో కంప్యూటరుంది.

సాండెర్ దానికి ‘రెండో మెట్టు’ అని పేరు పెట్టాడు.
పద్ధతైన పేరు. తప్పు పట్టడానికేమీ లేదు.
నేను మీటలు నొక్కాను.
ఒకటి లేచింది. రెండు లేచింది.
మూడోది దగ్గి లేచింది.
నాలుగోది నల్లటి తెర మీద
ఒకే ఒక్క ముక్క అడిగింది:
విర్త్సు ఏది?

మళ్లీ నొక్కాను. విర్త్సు ఏది?

మొదటి ఇరుకుగదిని ఎవరూ తిరగరాయరు, అంది విర్వె.
అక్కడ చేయి జారితే యంత్రం ఇక లేవదు.
అందుకే పైనంతా ఎన్నిసార్లు మార్చినా
అడుగున అదే పాత గొంతు.
వోరులో ఒక లైబ్రరీ,
ఏదో దీవి చివర గాలి కొలిచే గది,
దోసకాయలు పెంచే ఒక గాజు ఇల్లు,
ఎన్ని చోట్ల, ఎన్ని తెల్లవారుజాములు
ఆ పేరే పిలుస్తున్నాయో లెక్క మనకు లేదు.

సాండెర్ ఏం మాట్లాడలేదు.
చేప ముల్లొకటి పళ్లెం అంచున జాగ్రత్తగా పెట్టాడు.
తర్వాత ‘రెండో మెట్టు’ పక్కనే
‘విర్త్సు’ అని ఒక ఖాళీ గుమ్మం కట్టాడు.
లోపల గది లేదు. తలుపు తీస్తే మెట్టు.
పైన ఒక వాక్యం రాశాడు:
దీన్ని తీసేయకండి, ఎవరో ఇంకా రేవులో ఉన్నారు.
విర్వె చదివి, ఒక కామా సరిచేసింది.

నాలుగోది లేచింది.
ఫ్యాను చప్పుడుకి కిటికీ మీది పిల్లి లేచింది.

మరి ‘కొత్త’ని ఏమని పిలుద్దాం, అడిగాడు.
రొట్టె కోస్తూ విర్వె, రేపు, అంది.
నేను జాబితా చూశాను.
‘రేపు’ అనే ఫోల్డర్
ముందే ఉంది.